మెచ్చుకోలుకు మీట పెట్టిన కథ

2007లో ఫేస్‌బుక్‌లో ఒకమ్మాయికి పెళ్లి కుదిరిందనుకోండి. వేలికి ఉన్న ఉంగరం ఫొటో పెడుతుంది. కింద కామెంట్లు మొదలవుతాయి. కంగ్రాట్స్. కంగ్రాట్స్. వావ్. సూపర్. కంగ్రాట్స్. యాభై దాకా ఇవే. ఆ గుంపులో ఎక్కడో, కాలేజీ రోజుల్లో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు నాలుగు వాక్యాలు రాసి ఉంటుంది. ఆ అబ్బాయి గురించి ఈ అమ్మాయి మొదటిసారి చెప్పిన రాత్రి, అప్పటి బెరుకు, ఇన్నాళ్ళకు తన మనసులో పొంగిన సంతోషం. ఆ నాలుగు వాక్యాలు చదవాలంటే యాభై కంగ్రాట్స్‌లను తోసుకుంటూ కిందికి పోవాలి. చాలామంది అంతదూరం పోరు.

ఆ కంపెనీలో ప్రొడక్ట్ మేనేజర్‌గా ఉన్న లియా పెర్ల్‌మన్‌కు ఇది బాధగా తోచింది. ఒకే మాట చెప్పాలనుకునే వాళ్ళందరికీ ఒక మీట ఇస్తే వాళ్ళు దాన్ని నొక్కి సంతోషంగా వెళ్ళిపోతారు, మనసుపెట్టి రాసినవాళ్ళ మాటలు పైకి తేలతాయి. ఆమె ఆశ అది. ఇవాళ ప్రపంచమంతా రోజూ నొక్కుతున్న లైక్ బటన్ వెనక ఇంత చిన్న, ఇంత మంచి కోరిక ఉంది.

అమెరికాలో, యూరప్‌లో మనుషులకు తమ మీద తమకు మోజు పెరిగిందనీ, స్నేహాలు పలచబడ్డాయనీ నలభై యాభై ఏళ్ళుగా వింటున్నాం. సెల్ఫీ దిగుతున్న పిల్లను చూపించి ఇదిగో జబ్బు అనడం తేలిక. ఈ మీట చరిత్ర చదివాక మాత్రం ఆ పిల్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఇది ఎవరి గర్వం తీర్చడానికీ పుట్టలేదు. మంచిమాట చెప్పడం సులువు చేయడానికి పుట్టింది. దారిలో రెండు పనులు జరిగాయి: మంచిమాటలో ఉండే శ్రమను తీసేశారు, దానికి లెక్క తగిలించారు. మిగిలిన కథంతా ఆ రెండు పనుల ఫలితమే.

ముందు ఆ జబ్బు సంగతి. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పిన క్రిస్టఫర్ లాష్ 1979లో 'ది కల్చర్ ఆఫ్ నార్సిసిజం' అనే పుస్తకం రాశాడు. అంతకు మూడేళ్ళ ముందే రచయిత టామ్ వుల్ఫ్ ఆ దశాబ్దానికి 'మీ డికేడ్' అని పేరు పెట్టి ఉన్నాడు; మరుసటి ఏడాది, 1980లో, అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో స్వీయమోహానికి తొలిసారిగా చోటిచ్చింది. అందరూ మాట్లాడుతున్న విషయమే అయినా లాష్ చూపు వేరు. స్వీయమోహం ఉన్న మనిషి తనను తాను తెగ ప్రేమించుకుంటాడని మనం అనుకుంటాం. లాష్ అలా అనలేదు. ఆ మనిషి లోపల ఖాళీగా ఉంటాడు, తాను ఉన్నానన్న నమ్మకం కోసం కూడా ఎదుటివాడి మెప్పు మీద ఆధారపడతాడు, లోకం అతనికి అద్దంలా కనిపిస్తుంది అన్నాడు. ఇంట్లో కంప్యూటర్ అనేదే అరుదైన రోజుల్లో రాసిన మాటలివి. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించేది ఇదే: రోగ నిర్ణయం ముందు జరిగింది, రోగానికి సరిగ్గా సరిపడే పరికరం ముప్పై ఏళ్ళ తర్వాత, ఇంకెవరో, ఇంకేదో మంచి ఉద్దేశంతో తయారుచేశారు.

ఆ పరికరానికి రెండు వంశాలున్నాయి. మొదటిది అంత మర్యాదైనది కాదు. 2000 అక్టోబరులో కాలిఫోర్నియాలో జేమ్స్ హాంగ్, జిమ్ యంగ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు 'హాట్ ఆర్ నాట్' అనే సైటు పెట్టారు. ఎవరైనా తమ ఫొటో పెట్టుకోవచ్చు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి ఒకటి నుంచి పది దాకా మార్కులు వేస్తారు. వారం తిరగకుండానే రోజుకు దాదాపు 20 లక్షల పేజీలు చూసే స్థాయికి వెళ్ళింది. 2003లో హార్వర్డ్‌లో చదువుతున్న మార్క్ జుకర్‌బర్గ్ 'ఫేస్‌మాష్' పేరుతో ఇంకో అడుగు వేశాడు. హాస్టళ్ళ రికార్డుల్లోంచి విద్యార్థుల ఫొటోలు వాళ్ళను అడగకుండా తీసుకుని, ఇద్దరిద్దర్ని పక్కపక్కన పెట్టి ఎవరు బాగున్నారో చెప్పమన్నాడు. గొడవై కొద్ది రోజుల్లోనే మూతపడింది. ముఖానికి మార్కు వేయడం అనే ఆట మాత్రం ఆగలేదు. అది తర్వాత ఇంకో దారిలో ఈ కథలోకి తిరిగి వస్తుంది.

రెండో వంశం మర్యాదస్తులది. శాన్‌ఫ్రాన్సిస్కోలో యెల్ప్ అనే చిన్న కంపెనీ ఉండేది, 2004లో పుట్టింది. హోటళ్ళ గురించి, క్షవరశాలల గురించి మామూలు జనం సమీక్షలు రాయాలి, అదే దాని వ్యాపారం. రాసేవాళ్ళకు డబ్బులివ్వరు. మరి ఎందుకు రాస్తారు? ఎవరో చదివారని, ఎవరికో పనికొచ్చిందని తెలిస్తే రాస్తారు. ఆ కబురు రాసినవాడికి చేరవేయడం ఎలా అన్నదే ప్రశ్న. అక్కడ తొలి ఉద్యోగి బాబ్ గుడ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో మధ్యయుగాల సాహిత్యం చదువుకున్నవాడు. 2005 మే 18న అతను కాగితం మీద ఒక బొమ్మ గీశాడు: బొటనవేలు పైకి ఒకటి, కిందికి ఒకటి. యెల్ప్ చివరికి ఆ బొటనవేళ్ళను తీసుకోలేదు. 'ఉపయోగపడింది', 'నవ్వించింది', 'బాగుంది' అనే అర్థాలొచ్చే మూడు బటన్లు పెట్టింది.

ఇక్కడొక సాంకేతిక విషయం చెప్పాలి, ఎందుకంటే అది లేకపోతే ఈ కథే లేదు. అంతకు ముందు వెబ్‌పేజీలో ఏది నొక్కినా పేజీ మొత్తం చెరిగిపోయి మళ్ళీ మొదటినుంచి రావాల్సిందే. నెమ్మదైన ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్ వాడినవాళ్ళకు ఆ తెల్లతెర గుర్తుండే ఉంటుంది. ఎవరో రాసింది బాగుందని చెప్పడానికి అంతసేపు ఎదురుచూసేది ఎవరు? 2004, 2005 సంవత్సరాల్లో జీమెయిల్, గూగుల్ మ్యాప్స్ వచ్చాక ఒక కొత్త పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. దానికి అజాక్స్ అని పేరు. పేజీ ఉన్నచోటే ఉంటుంది, తెరవెనక చిన్న కబురు సర్వర్‌కు వెళ్ళి వస్తుంది, లెక్కలో మూడు కాస్తా నాలుగు అవుతుంది, అంతే. నొక్కినవాడు చదువుతున్న చోటు నుంచి కదలక్కరలేదు. మెచ్చుకోవడానికి పట్టే కాలం సెకనులో చిన్న ముక్కకు పడిపోయింది. ఆ తేలికదనాన్ని ఇంజనీర్లు కష్టపడి సాధించారు, దానికి గర్వపడ్డారు కూడా. ఆ గర్వంలో తప్పు పట్టాల్సింది నాకేమీ కనిపించదు.

వీడియోల సైటు విమియో 2005 చివర్లోనే 'లైక్' అన్న పేరుతో మీట పెట్టింది. 2007 అక్టోబరులో ఫ్రెండ్‌ఫీడ్ అనే ఇంకో చిన్న కంపెనీ పెట్టింది. అక్కడివాళ్ళూ గమనించింది అదే: కామెంట్లలో చాలావరకు ఒక్క మాటే. ఆ ఒక్క మాటను ఒక్క నొక్కుగా మార్చారు. ముందు హృదయం బొమ్మ పెడదామనుకుని, బాగోలేదని మానుకున్నారు. మంచి ఆలోచన చాలామందికి ఒకేసారి తడుతుందంటారు. ఈ మీట విషయంలో అది అక్షరాలా జరిగింది.

ఫేస్‌బుక్‌లో దీని తొలి పేరు 'ఆసమ్' బటన్. 2007 జూలైలో, రాత్రంతా మేలుకుని ఎవరికి నచ్చిన కొత్త పని వాళ్ళు చేసుకునే హ్యాకథాన్‌లో దీనికి తొలి రూపం వచ్చింది. పెర్ల్‌మన్, జస్టిన్ రోసెన్‌స్టీన్, ఆండ్రూ బోస్‌వర్త్, ఇంకొందరు. రోసెన్‌స్టీన్ అంతకు ముందు గూగుల్‌లో జీమెయిల్ చాట్ మీద పనిచేసి వచ్చాడు. అతని ఆలోచన పెర్ల్‌మన్ కన్నా కొంచెం పెద్దది. మనుషులు నీళ్ళలా పల్లానికే పారతారు గనుక మంచితనాన్నే పల్లం చేసేద్దాం, ఒకర్నొకరు ప్రోత్సహించుకోవడం అన్నిటికంటే తేలికైన పని చేసేద్దాం అనుకున్నాడు. అప్పటి కామెంట్ల తీరు చూసినవాళ్ళకు ఆ కోరిక అర్థమవుతుంది. తిట్టేవాడికి ఎప్పుడూ ఓపిక ఉంటుంది. మెచ్చుకునేవాడికే బద్ధకం.

జుకర్‌బర్గ్‌కు ఇది నచ్చలేదు. సమీక్షకు తెచ్చిన ప్రతిసారీ ఏదో ఒక అభ్యంతరంతో వెనక్కి పంపాడు. ఈ ప్రాజెక్టుకు శాపం తగిలిందని లోపలివాళ్ళే అనుకునేదాకా వచ్చింది. ఆ అభ్యంతరాలు తేలిగ్గా తీసిపారేసేవి కావు. ఒక్క నొక్కుతో పని అయిపోతే జనం రాయడం మానేస్తారేమో, ఇతరులతో పంచుకోవడం మానేస్తారేమో అన్నది ఒకటి. ఎవరు మెచ్చారన్నది అందరికీ కనపడాలా, పోస్టు పెట్టినవాళ్ళకు మాత్రమే కనపడాలా అన్నది ఇంకొకటి. ఈ రెండో ప్రశ్న దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఆ రోజు 'పెట్టినవాళ్ళకు మాత్రమే' అని తేల్చి ఉంటే ఈ మీట ఒక చిన్న ఉత్తరంలా మిగిలేది, ఇద్దరి మధ్య. అలా తేల్చలేదు.

చివరికి దారి తెరిచింది ఒక అంకె. కంపెనీ గణాంకాల విభాగం పరీక్షించి చూస్తే, మీట ఉన్న పోస్టులకు కామెంట్లు తగ్గకపోగా పెరిగాయి. అంతటితో పెద్ద అభ్యంతరం పోయింది. కామెంట్లు ఎన్ని వచ్చాయన్నది లెక్కకు అందుతుంది. వాటిలో ఆ స్నేహితురాలి నాలుగు వాక్యాల్లాంటివి ఎన్ని ఉన్నాయన్నది అందదు. పెర్ల్‌మన్ అసలు అడిగింది రెండోది. జవాబు దొరికింది మొదటిదానికి.

'ఆసమ్' పోయి 'లైక్' వచ్చింది. నక్షత్రం, ప్లస్ గుర్తు లాంటివి పరిశీలించి బొటనవేలు దగ్గర ఆగారు. అన్నీ కుదిరేసరికి రోసెన్‌స్టీన్ సొంత కంపెనీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. 2009 ఫిబ్రవరి 9న మీట బయటికొచ్చింది. ఫేస్‌బుక్ వాడేవాళ్ళు అప్పటికి 15 కోట్లు దాటారు. జనానికి పరిచయం చేస్తూ కంపెనీ తరఫున రాసింది పెర్ల్‌మనే. హోటల్‌కు నక్షత్రాలివ్వడం వేరు, సమీక్ష రాయడం వేరు, ఇక్కడ కూడా అంతే, లైక్ ఒక పని, కామెంట్ ఇంకో పని అని ఆమె ఓపిగ్గా వివరించింది.

తెర మీద ఆ తొలిరూపం ఎలా ఉండేదో చూడండి. పోస్టు కింద లైక్ అన్న చిన్న పదం, నొక్కగానే పక్కన బొటనవేలు, దాని వెంట 'ఇంతమందికి ఇది నచ్చింది' అనే ఒక వరుస. ఆ వరుస మొదట్లో అంకె ఉంటుంది. పోస్టు పెట్టినామె చూస్తుంది. నొక్కినవాళ్ళు చూస్తారు. నొక్కనివాళ్ళూ చూస్తారు. పక్క పోస్టులో ఇంకో అంకె ఉంటుంది కాబట్టి పోల్చి చూస్తారు. అంకెలు పక్కపక్కన ఉంటే పోల్చకుండా ఉండగలిగే కన్ను మనిషికి లేదు.

మన పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఉంటుంది. ఒకాయన మూల కూర్చుని పేరూ, ఊరూ, 516, 1,116 అని రాసుకుంటూ పోతాడు. మైకులో చదివే చోట్లు కూడా ఉన్నాయి. అక్కడా లెక్కే, కాదనను. అయితే పెళ్లి అయిపోగానే ఆ పుస్తకం బీరువాలోకి పోతుంది. మళ్ళీ వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తీసి చూస్తారు, మనం తక్కువ చదివించకూడదు కదా అని. అంటే ఆ లెక్క ఒకరింటికి ఒకరు మళ్ళీ వెళ్ళడానికి పనికొచ్చే లెక్క. ఈ మీట ఆ పుస్తకాన్ని బీరువాలోంచి తీసి వీధి గుమ్మానికి వేలాడదీసింది. పెళ్ళికే కాదు, పొద్దున తిన్న ఇడ్లీకీ తెరిచింది. ఎవరింటికీ ఎవరూ వెళ్ళనక్కరలేకుండా చేసింది.

2010లో రెండు మూడు సంగతులు వెంటవెంటనే జరిగాయి. ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ ఈ మీటను తన గడప దాటించి, ఏ వెబ్‌సైటైనా పెట్టుకోవచ్చంది. మొదటి వారంలోనే 50,000 పైచిలుకు సైట్లు పెట్టుకున్నాయి. జూన్‌లో యాపిల్ ఐఫోన్ 4కు ముందువైపు కెమెరా అమర్చింది, ఎదురెదురుగా చూసుకుంటూ మాట్లాడుకోవడం కోసం. అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్ వచ్చింది, బొటనవేలు స్థానంలో హృదయంతో. ఇద్దరు ముఖాముఖి మాట్లాడుకోవడానికి పెట్టిన కెమెరా, ఎదుటివాడి మంచిమాట కోసం పెట్టిన మీట, రెండూ కలిసి ముఖానికి మార్కులు వేసే ఆ పాత ఆటగా తేలాయి. హాట్ ఆర్ నాట్‌లో కనీసం మార్కు వేసేవాళ్ళు అపరిచితులు. ఇక్కడ తరగతిలో పక్క బెంచీవాళ్ళు. అదే ఏడాది ఫేస్‌బుక్ భారతదేశంలో తన తొలి కార్యాలయాన్ని హైదరాబాద్‌లో తెరిచింది. 'నా ఫొటోకి లైకు కొట్టలేదేం' అన్న నిష్ఠూరం మనింట్లోకి రావడానికి ఆ తర్వాత ఎక్కువ కాలం పట్టలేదు.

ఈ అంకె లోపల ఏం చేస్తుందో దగ్గర్నుంచి చూసిన ప్రయోగం ఒకటుంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లారెన్ షెర్మన్, మిరెల్లా డాప్రెట్టో, వాళ్ళ సహచరులు 13 నుంచి 18 ఏళ్ళ మధ్య పిల్లల్ని 32 మందిని పిలిచారు. ఒక్కొక్కరినీ మెదడును చిత్రించే ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి 148 ఫొటోలు చూపించారు. అందులో 40 ఆ పిల్లలు తెచ్చిచ్చిన సొంత ఫొటోలు. ప్రతి ఫొటో కింద తమ ఈడువాళ్ళు ఇచ్చిన లైకులంటూ ఒక అంకె ఉంది. నిజానికి ఆ అంకెలు పరిశోధకులే వేసినవి. ఒకే ఫొటోకు సగం మంది పిల్లలకు పెద్ద అంకె చూపించారు, మిగతా సగానికి చిన్న అంకె.

ఫలితాలు 2016లో వెలువడ్డాయి. సొంత ఫొటోకు పెద్ద అంకె కనపడగానే మెదడులో తృప్తికి, బహుమానానికి సంబంధించిన భాగం చురుకైంది. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలరు. నన్ను కదిలించింది తర్వాతి సంగతి. ఏ ఫొటోకు లైకులు ఎక్కువున్నాయో దానికే ఈ పిల్లలు కూడా లైక్ ఇవ్వడానికి మొగ్గారు. అవతలి గుంపులో అదే ఫొటోకు చిన్న అంకె ఉంటే అంతగా మొగ్గలేదు. ఫొటో మారలేదు, చూసే ఈడు మారలేదు, కింద అంకె మారింది. మెచ్చుకోవడం అంటే ఒక మనిషికి ఒకటి నచ్చిందని మరో మనిషికి చెప్పడం. ఈ యంత్రంలో పడుకున్న పిల్లవాడు అంకెను చూసి అంకెను పెంచుతున్నాడు. అవతలివైపు దాన్ని అందుకునే పిల్ల మాత్రం తనను ఇష్టపడుతున్నారనే అనుకుంటుంది. సిగరెట్టు, మద్యం లాంటివి ఉన్న ఫొటోలు చూస్తున్నప్పుడు ఈ పిల్లల్లో తమను తాము అదుపులో పెట్టుకునే మెదడు భాగాల చురుకు తగ్గిందని కూడా అదే పరిశోధన చెబుతుంది. కన్నవాళ్ళు ఈ ముక్క దగ్గర ఇంకొంచెం ఆగాలి.

అందుకే, అమెరికా పిల్లలు స్వార్థపరులైపోయారు అనే మాటను నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. ఆ వాదానికి ఆధారం లేకపోలేదు. స్వీయమోహాన్ని కొలవడానికి ఒక ప్రశ్నపత్రం 1979లోనే తయారైంది. 1979 నుంచి 2006 దాకా దాన్ని పూరించిన 16,475 మంది అమెరికా కాలేజీ విద్యార్థుల జవాబులను మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ ట్వెంగీ, ఆమె సహచరులు కలిపి చూసి, మార్కులు పెరుగుతూ వస్తున్నాయని 2008లో ప్రకటించారు. పత్రికలు ఎగబడి రాశాయి. అప్పుడే ఇంకో బృందం మరో విశ్వవిద్యాలయపు లెక్కలు తీసి, మాకు పెరుగుదల కనిపించలేదంది. 2017లో వచ్చిన ఇంకో పరిశోధనలో 1990ల తర్వాత కొద్దిగా తగ్గినట్టే తేలింది. ఇంకో విషయం, ట్వెంగీ లెక్క 2006తో ఆగింది, లైక్ పుట్టింది 2009లో. పొగరు పెరిగి ఈ మీట రాలేదు. మీట వచ్చాక మామూలు మనుషులకు, ఏ గర్వమూ లేని సిగ్గరి పిల్లలకు కూడా, తమ విలువ చూసుకోవడానికి ఒక అంకె చేతికొచ్చింది. రోజుకు ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు. లాష్ చెప్పిన ఖాళీ అందరిలోనూ కొంత ఉంటుంది. దానికి కొలపాత్ర తయారయ్యాక అది ఎంత ఖాళీగా ఉందో కంటికి కనపడటం మొదలైంది.

స్నేహాల సంగతి ఇంకా నొప్పిగా ఉంటుంది. అత్తయ్య కూతురికి పాప పుట్టిందని తెలుస్తుంది, నొక్కుతాం. నొక్కేశాం గనుక ఫోన్ చేయం. ఫోన్ చేయకపోయినా పట్టించుకోలేదన్న మాట రాదు, ఎందుకంటే జాబితాలో మన పేరుంది. న్యూజెర్సీలో, డాలస్‌లో ఉన్న మనవాళ్ళ విషయంలో ఇది రోజూ జరుగుతున్నదే. బాలింతకు పక్కన కూర్చునే మనిషి కావాలి, ఆ వేళప్పుడు అక్కడ మనిషి దొరకడమే గగనం. మూడు వందల బొటనవేళ్ళు మాత్రం దొరుకుతాయి. పెర్ల్‌మన్ కంగ్రాట్స్ అన్నవాళ్ళను పక్కకు పంపితే మనసున్నవాళ్ళు రాస్తారనుకుంది. రాయగలిగినవాళ్ళు కూడా ఆ పక్కదారే పట్టారు.

మనకు మనం ఇలా పలచబడుతున్న రోజుల్లో యంత్రానికి మాత్రం మనం బాగా తెలిసిపోయాం. 2015 జనవరిలో కేంబ్రిడ్జ్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 86,220 మంది లైకులు తీసుకుని, వాటిని బట్టి ఒక మనిషి స్వభావాన్ని కంప్యూటర్ ఎంత సరిగ్గా చెప్పగలదో చూశారు. పది లైకులు చేతిలో ఉంటే తోటి ఉద్యోగి కంటే బాగా చెప్పింది. 70 ఉంటే స్నేహితుడి కంటే, 150 ఉంటే తల్లిదండ్రులు, తోబుట్టువుల కంటే, 300 ఉంటే జీవిత భాగస్వామి కంటే. అదంతా మనం ఎవరికో మంచిమాట చెబుతున్నామనుకుని ఇచ్చిన సమాచారం. ప్రకటనల వ్యాపారం దాని మీదే కోటలు కట్టుకుంది.

2017లో కొందరు నోరు విప్పారు. ఫేస్‌బుక్ తొలి అధ్యక్షుడు షాన్ పార్కర్, జనం సమయాన్ని, ధ్యాసను వీలైనంత ఎక్కువ లాక్కోవడం ఎలా అన్నదే తమ ఆలోచనగా ఉండేదని, లైకులు అప్పుడప్పుడూ చిన్న మత్తులాంటి ఆనందం ఇచ్చి మనిషిని మళ్ళీ రప్పిస్తాయని ఒక సభలో ఒప్పుకున్నాడు. అదే ఏడాది రోసెన్‌స్టీన్ తన ఫోన్‌లో కొత్త యాప్‌లు వేసుకునే వీలు లేకుండా తాళం వేయించుకున్నానని ఒక బ్రిటిష్ పత్రికకు చెప్పాడు. ఆ మీట ఇచ్చే సంతోషం నిజంలా మెరుస్తుందని, లోపల డొల్ల అని అతని మాటల సారాంశం.

పెర్ల్‌మన్ కథ వీళ్ళిద్దరి కంటే నా మనసుకు దగ్గరగా ఉంటుంది. ఆమె 2010లో ఆ ఉద్యోగం వదిలి బొమ్మల కథలు గీయడం మొదలుపెట్టింది. ప్రేమ, దిగులు, మనసులోని సందేహాలు, వీటి మీద చిన్న చిన్న గీతల బొమ్మలు. ఫేస్‌బుక్‌లోనే పెట్టేది, జనం ఆదరించారు. కొన్నాళ్ళకు ఫేస్‌బుక్ ఏ పోస్టు ఎవరికి చూపాలో తేల్చే లెక్క మార్చింది. ఆమె బొమ్మలకు లైకులు పడిపోయాయి. తన బొమ్మలు బాగా లేవేమోనన్న దిగులు పట్టుకుంది. ఆ అంకె మళ్ళీ పెంచుకోవడానికి సొంత డబ్బుతో ఫేస్‌బుక్‌లో ప్రకటనలు కొనుక్కుంది. తాను తయారుచేసిన మీట కోసం తానే డబ్బు కట్టిందన్నమాట. తర్వాత తన బ్రౌజర్‌లో న్యూస్ ఫీడ్ కనపడకుండా చేసుకుంది, పేజీ చూసుకోవడానికి వేరే మనిషిని పెట్టుకుంది. ఇదంతా ఆమే విలేఖరులకు చెప్పింది, దాచకుండా. దాని లోపలి నిర్మాణం అంతా తెలిసిన మనిషికే ఆ దిగులు తప్పనప్పుడు, పద్నాలుగేళ్ళ పిల్లను నువ్వు పట్టించుకోకు అని మందలించి ప్రయోజనమేముంది?

దిద్దుబాటు ప్రయత్నాలు జరగలేదని కాదు. చావు కబురుకు బొటనవేలు పెట్టలేక జనం ఇబ్బందిపడితే 2016లో ఫేస్‌బుక్ ప్రేమ, నవ్వు, విస్మయం, దుఃఖం, కోపం బొమ్మలను చేర్చింది. అవీ లెక్కలోకే పోయాయి. పైగా ఆ కొత్త బొమ్మలకు మామూలు లైకు కంటే ఐదు రెట్లు బరువిచ్చారని, కోపానికి కూడా కొంతకాలం అదే బరువుండేదని 2021లో బయటపడింది. అసలు విషయం మీద చేయి వేసిన ప్రయత్నం ఒక్కటే: అంకెను దాచడం. 2019లో ఇన్‌స్టాగ్రామ్ ముందు కెనడాలో, జూలైలో ఆస్ట్రేలియా, ఇటలీ, జపాన్ లాంటి దేశాల్లో ఇతరుల పోస్టులకు ఎన్ని లైకులొచ్చాయో కనపడకుండా చేసి చూసింది. పెట్టినవాళ్ళకు తమ అంకె కనపడుతుంది, పక్కవాడిది కనపడదు. జుకర్‌బర్గ్ బల్ల మీద పన్నెండేళ్ళ కిందట నలిగిన ప్రశ్నకు ఇది దగ్గరి చుట్టం. కొందరు హాయిగా ఉందన్నారు. ఇంకొందరికి చిరాకొచ్చింది, ఏది జనాదరణ పొందుతోందో తెలుసుకునే దారి పోయిందని. అందరికీ దాచేద్దామన్న ఆలోచన అక్కడితో ఆగింది. దాచుకోవాలా వద్దా అన్నది 2021 మేలో వాడుకరుల చేతికే వదిలేశారు.

నా అభిప్రాయంలో అది భారాన్ని తప్పుడు భుజం మీద పెట్టడమే. అంకెను కనిపెట్టినవాళ్ళు, దాని మీద సంపాదించినవాళ్ళు తీసుకోవాల్సిన నిర్ణయాన్ని పిల్లల మీదకు నెట్టారు. అయినా ఉన్నదాన్ని వాడుకోవాలి. ఇంట్లో ఆ ఈడు పిల్లలుంటే వాళ్ళతో కూర్చుని ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్ తెరవండి. ఇతరుల పోస్టుల మీద లైకుల లెక్క దాచడం ఒకచోట ఉంటుంది. సొంత పోస్టు మీద లెక్క ఇతరులకు కనపడకుండా చేయడం వేరేగా, ఆ పోస్టు పెట్టేటప్పుడు చేసుకోవచ్చు. పెట్టేశాక గుర్తొచ్చినా ఫర్వాలేదు, పోస్టు మూలనున్న మూడు చుక్కలు నొక్కితే అక్కడా ఆ ఏర్పాటు ఉంటుంది.